చదవని వ్యాసానికి విందు భోజనం

దేశ రాజధానిలో, ఆర్.కె.పురంలోని ఆ ప్రభుత్వ క్వార్టర్లో ఆదివారం ఉదయం ఏడింటికే గారెల పిండి రుబ్బే చప్పుడు మొదలైంది. దాంతోపాటే హారికకు తలనొప్పీ మొదలైంది. ఆమె రాసిన అర్థశాస్త్ర పరిశోధన వ్యాసం పేరున్న పత్రికలో అచ్చయింది. సంతోషమే. కానీ ఆ సంతోషాన్ని తండ్రి వీరరాఘవులు ఇంట్లో ఉండనిస్తేగా! సర్వే ఆఫీసులో పనిచేసే ఆయన, వారం రోజులుగా దాన్ని జిరాక్సులు తీయించి కనబడినవాళ్లందరికీ పంచాడు. ఆఖరికి పాలుపోసే భయ్యా చేతిలోనూ ఒకటి పెట్టాడు. ఇవాళ ఆఫీసు వాళ్లను భోజనానికి పిలిచాడు.

"నాన్నా, ఒక్కసారైనా చదివావా?"

"చదవకేం! పైన నీ పేరు ఎంత బాగా వేశారో!"

"పేరు కాదు నాన్నా, లోపల!"

"లోపలంతా ఇంగ్లీషూ లెక్కలూనూ. ఉల్లిపాయలు తరగడం అయిందో లేదో మీ అమ్మనడుగు."

హారిక పళ్లు నూరుకుంది. తమ భార్యలు ఏ పనీ చేయరని మగవాళ్లు సర్వేల్లో రాయిస్తారు. ఆ ఆడవాళ్లనే విడిగా అడిగితే, చాలామంది ఏదో ఒక పని చేసి సంపాదిస్తున్నారు. తప్పంతా ప్రశ్న అడిగే తీరులోనే ఉందని ఆమె వ్యాసం తేల్చింది. ఆ తీరు ఏ ఆఫీసుదో చెబుదామంటే ఆయన వినిపించుకోడు.

మధ్యాహ్నం బంతి భోజనంలో ఆయన పై అధికారి రాధాకృష్ణమూర్తి గారె తుంచుతూ అననే అన్నాడు.

"రాఘవులు గారూ, మీ అమ్మాయి మన సర్వేని ఉతికి ఆరేసిందండోయ్! ఇంటిపెద్దని అడిగితే చాలని మనవాళ్లకి ట్రైనింగిచ్చింది మీరేగా? అయినా మీరే పంచిపెట్టారు. మీ గుండెధైర్యాన్ని మెచ్చుకోవాలి!"

అందరూ నవ్వారు. వీరరాఘవులూ నవ్వాడు కానీ, తర్వాత గారె ముట్టుకోలేదు. అతిథులు మెట్లు దిగారో లేదో, ఆయన కూతురి మీద విరుచుకుపడ్డాడు.

"నా ఆఫీసులో నా పరువే తీస్తావా?"

"చదవమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను కదా!"

"సర్వేల కోసం ఊళ్లు పట్టుకు తిరిగినవాణ్ణి. ఇంట్లో సంగతి ఇంటాయనకి తెలీదా? మనిల్లే తీసుకో. మీ అమ్మ పనేం చెయ్యదు. ఎవరొచ్చి అడిగినా అదే చెప్తాను!"

అన్నపూర్ణేశ్వరి చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. దగ్గర్లోని మునిర్కాలో గదులు తీసుకుని చదువుకునే తెలుగు పిల్లలకు ఆమె ఏళ్ల తరబడి క్యారేజీలు కడుతోంది. వాళ్లు నెలనెలా డబ్బులిస్తారు.

"అచ్ఛా! అయితే ఆ క్యారేజీలు కట్టేదెవరండీ? మీ ఆఫీసు వాళ్లా?"

"అదీ ఒక పనేంటే? పరాయి ఊళ్లో పిల్లలకి అన్నం పెడుతున్నావు. పుణ్యం."

"దీని ఎమ్మే ఫీజు పుణ్యంతో కట్టామా? జ్వరమొచ్చినా పొయ్యి దగ్గర నిలబడింది పుణ్యానికా? మీరు మెచ్చుకోనక్కర్లేదు. కనీసం దాన్ని పని అనొచ్చుగా!"

హారికకు అప్పుడు తట్టింది. అదే మునిర్కాలో వ్యాసం కోసం గుమ్మం గుమ్మం ఎక్కి ఆడవాళ్లను అడిగిన తను, ఇంట్లో అమ్మను అడగనేలేదు. ఆ క్యారేజీలు కళ్లెదుటే ఉన్నా, తనకీ అది అమ్మ చేసే వంటలాగే కనిపించింది. తండ్రి మీదున్న కోపం కాస్తా సిగ్గయి కూర్చుంది.

వీరరాఘవులు ఒక జిరాక్సు కాపీ, నిఘంటువు తీసుకుని గదిలోకి వెళ్లాడు. అర్థంకాని చోటల్లా కూతుర్ని పిలిచాడు. ఆమె విసుక్కుంటూనే పక్కన కూర్చుని చెప్పింది. పొద్దువాలాక ఆయన లేచి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. అన్నపూర్ణేశ్వరి క్యారేజీల్లో అన్నం సర్దుతోంది.

"అన్నపూర్ణా, నువ్వేం పని చేస్తుంటావు?" అని ఆయన మెల్లగా అడిగాడు.

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. కళ్లు కొంగుతో ఒత్తుకుంది.

"ఇన్నేళ్లకి అడిగారు. కూర్చోండి, చెప్పడానికి చాలాసేపు పడుతుంది."

ఆయన పీట వాల్చుకుని కూర్చున్నాడు. హారిక కూడా వచ్చి తండ్రి పక్కన నేలమీద కూర్చుంది.