చూడకుండా చదివే పిల్ల

"ఇగ బడి బంద్! ఆదివారం పింకీని తీస్కపోయి ఊర్ల మా అక్క దగ్గర దింపి వస్త!"

వీరేశం చేతిలోని కాగితాన్ని మంచం మీదికి విసిరేశాడు. పొయ్యి ముందున్న కనకలక్ష్మి గరిటె వదిలేసి లేచింది.

"ఏమైంది పింకీ నాయినా?"

"ఏమైతది! బడిల కొత్త పరీక్ష పెట్టిండ్రు గద. అయిదో తరగతి పిల్ల రెండో తరగతి అంతనే చదువుతదంట! రోజు మస్తు చదువుతదని నువ్వే చెప్పితివి. తల్లీబిడ్డలు కలిసి నన్ను పిచ్చోణ్ణి చేస్తిరి!"

కనకలక్ష్మి మంచం మీది కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. రోజూ తెల్లారకముందే నల్లగండ్లలోని ఇంట్లోంచి బయల్దేరి, ఐటీ ఆఫీసులో నాలుగు అంతస్తులు తుడిచి, నడుము విరిగేలా ఇంటికి చేరినా సరే, కూర తరుగుతూ పింకీ చేత పాఠం చదివించుకోనిదే ఆమెకు ముద్ద దిగదు. ఆమెకు అక్షరమ్ముక్క రాదు. అయితేనేం, చెవులున్నాయి కదా! పిల్ల గడగడా చదివేది. ఎక్కడా ఆగేది కాదు. ఒక్కోసారి పుస్తకం వైపు చూడనైనా చూడకుండా, గోడ మీది పిల్లిని చూస్తూ చదివేది! "నా బిడ్డ చూడకుంటనే చదువుతది" అని పక్కింటి సక్కుబాయికి ఎన్నిసార్లు చెప్పుకుని మురిసిపోయిందో... కాకిపిల్ల కాకికి ముద్దు అని ఊరికే అన్నారా!

శనివారం బడిలో తల్లిదండ్రుల మీటింగు. రానంటే రానన్న మొగుణ్ణి బతిమాలి, సెక్యూరిటీ యూనిఫాంలోనే వెంట తీసుకెళ్లింది.

"ఇది పాస్, ఫెయిల్ పరీక్ష కాదండీ," అంది సౌజన్య టీచరు. "అన్ని బళ్లలోనూ ఒకేలా పెట్టారు. పిల్ల ఏ క్లాసులో కూర్చుందో కాదు, చదవడం ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడానికి. అందుకే పుస్తకంలో లేని కథ ఇచ్చి చదివిస్తాం. రెండో తరగతి స్థాయి అంటే అక్కడ కూర్చోబెడతామని కాదండీ, అక్కడి నుంచి నేర్పిస్తామని."

"మరి ఇంట్ల గడగడ చదువుతది గద మేడం?"

సౌజన్య పాఠ్యపుస్తకం తెరిచి పింకీకి ఇచ్చింది. పింకీ మొదలుపెట్టింది. రెండు వాక్యాలయ్యాక టీచరు పేజీ మీద తన అరచెయ్యి కప్పింది. పింకీ ఆగలేదు! కనబడని అక్షరాలను కూడా అదే జోరుతో చదివేస్తోంది...

కనకలక్ష్మికి అప్పుడు అర్థమైంది. పింకీ తలెత్తి తల్లి ముఖం చూసి, వెక్కి వెక్కి ఏడ్చింది.

"నాయిన డ్యూటీ సైటు మారినప్పుడల్లా బడి మారినం గదమ్మా... అక్షరాలు కలపరాదు నాకు. అందరు చదువుతుంటే విని యాద్ పెట్టుకున్న. నువ్వేమో మంచిగ చదువుతున్నవ్ బిడ్డా అంటివి... ఇగ నీకు చెప్పబుద్ధి కాలే!"

"తప్పు నాది మేడం!" కనకలక్ష్మి బిడ్డను దగ్గరికి లాక్కుంది. "చదువు రానిదాన్ని, పిల్ల చదువుతుందో అప్పజెప్తుందో నాకేం తెలుస్తది... దాన్నేమనకుండ్రి!"

గదిలో అందరూ వీరేశం వైపు చూశారు. అతను టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"నాక్కూడ రాదు మేడం."

కనకలక్ష్మి ఉలిక్కిపడింది. ఏడో తరగతి చదివాడని పెళ్లిచూపుల్లో చెప్పారు! పన్నెండేళ్ల కాపురంలో ఏనాడూ బయటపడలేదే!

"సంతకం ఒక్కటే నేర్చుకున్న. బడి ఇచ్చిన కాయితం గూడ గేటుకాడ నాతోని డ్యూటీ చేసే నరేందర్‌తోని చదివించుకున్న. బిడ్డన్న నాలెక్క కావద్దనుకుంటే... కోపం ఆగలే."

పెళ్లినాటి అబద్ధానికి ఇప్పుడు అలగడం కనకలక్ష్మికి చేతకాలేదు. పాపం, ఇన్నేళ్లూ ఎంత భయపడి ఉంటాడు! బెంచీ మీద పక్కకు జరిగి అతనికి చోటిచ్చింది.

"ఊరికి పంప మేడం," అన్నాడు కూర్చుంటూ. "ఏం చెయ్యాల్నో చెప్పుండ్రి."

"రోజూ ఒక కొత్త కథ ఇచ్చి పంపిస్తానండీ. మీకు చదువు రాకపోయినా ఫర్వాలేదు. పక్కన కూర్చోండి, తొందరపెట్టకండి. చాలు."

సోమవారం సాయంత్రం పింకీ కొత్త కథ ముందు పెట్టుకుంది. వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంది. "కో...తి... కొ...మ్మ..." అక్కడ ఆగింది. ఎంతసేపటికీ కదలదు! ఇన్నాళ్లూ గడగడా విన్న చెవులు కనకలక్ష్మివి. ఉండబట్టలేక నోరు తెరవబోయింది.

వీరేశం ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆగనియ్యే. ఇప్పుడే గద చదువుతుంది!"

పింకీ వేలు తర్వాతి అక్షరం మీదికి జరిగింది. "మీ...ద..."

బిడ్డతో పాటు, వినబడీ వినబడకుండా, వీరేశం పెదవులు కూడా కదిలాయి.