వెల్డర్‌బీ హాల్ వెనక నడవ

డిసెంబరులో మాకు నాలుగింటికే చీకటి పడుతుంది. ఆ రోజు మూడున్నరకి వెల్డర్‌బీ హాల్ అనే పాత దొరల బంగళా వంటింట్లో కూర్చుని టీ తాగుతున్నాను. పదహారేళ్ళప్పుడు ఆ ఇంట్లో పనిమనిషిని. ఆ రోజుకి నాకు డెబ్బై. దొరలు ఎప్పుడో పోయారు, టిక్కెట్టు కొంటే ఎవరైనా లోపలికి రావచ్చు. ఆ ఇంటి చరిత్ర రాస్తున్న గిలియన్ అనే అమ్మాయి నా జ్ఞాపకాల కోసం పిలిచింది.

అప్పటిదాకా రాసింది చదివి వినిపించింది. పైకప్పు మీది బొమ్మలకి పన్నెండు పేజీలు. దొరగారి గుర్రాలకి నాలుగు. పనివాళ్ళకి అర పేజీ. అందులో ఓ వాక్యం: "లెటీ గ్రైస్ అనే పనిమనిషి 1921 చలికాలంలో ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయింది."

"వెళ్ళిపోలేదు," అన్నాను.

"మరేమైందండీ?"

"వెనక నడవలోకి పద. అక్కడే చెప్తాను."

ఆ మాట చెప్పడానికే వచ్చాను. యాభై నాలుగేళ్ళు దిగమింగుకున్న మాట.

నడవలో అదే వాసన. తడి రాయి, మైనం, చల్లారిన బొగ్గు. చివరి కిటికీలో వెలుగు బూడిదరంగుకి తిరిగింది.

మా రోజుల్లో అక్కడ ఓ ఆచారం ఉండేది. దొరలు ఎదురైతే పనివాళ్ళు గోడవైపు తిరిగి నిలబడాలి. "మన మొహాలు చూస్తే వాళ్ళకి రొట్టె గొంతు దిగదేమోనే ఎఫీ!" అని లెటీ పకపకా నవ్వేది. మా మీద పెత్తనం చేసే మిసెస్ క్రాడక్ నవ్వేది కాదు. "తిరిగావంటే నువ్వూ గోడవే. గోడ ఏమీ చూడదు," అనేది.

ఓ సాయంత్రం దొరగారి కొడుకు లెటీ మణికట్టు పట్టుకుని ఆ నడవలోంచి ఈడ్చుకెళ్తున్నాడు. బొగ్గు బకెట్టుతో నేను ఎదురయ్యాను.

"ఎఫీ, ఇటు చూడవే," అంది లెటీ.

నేను గోడవైపు తిరిగాను.

ఆ తర్వాత లెటీని ఎవరూ చూడలేదు. నన్నెవరూ అడగలేదు. అడగలేదు కదా అని నేనూ చెప్పలేదు. తర్వాత మిల్లులో చేరాను. సమ్మెలు నడిపాను. పోలీసు గుర్రాలకి అడ్డంగా నిలబడి నోరారా తిట్టాను. జనం నన్ను ధైర్యస్థురాలంటే తల దించుకునేదాన్ని. వాళ్ళు దాన్ని వినయం అనుకున్నారు.

గిలియన్‌కి ఇదంతా చెప్పాలని నోరు తెరిచాను.

నడవ అవతలి చివర బూటు చప్పుడు.

"ఇంకా ఎవరైనా ఉన్నారా అమ్మాయ్?" అని గిలియన్‌ని అడిగాను.

"లేరండీ... గేటు మూసేశాం."

బూటు చప్పుడు వెనకే ఇంకో చప్పుడు. రాతి మీద కాళ్ళు ఈడుస్తున్నట్టు... ఆగుతూ... మళ్ళీ ఈడుస్తూ...

నా ఒళ్ళు దానంతటదే గోడవైపు తిరిగింది. నుదుటికి సున్నం చల్లగా తగిలింది. ఈసారైనా చూడవే ముసలిదానా, అని నన్ను నేనే తిట్టుకున్నాను. మెడ కదల్లేదు. తడిసిన ఉన్ని వాసన దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికి... సరిగ్గా నా చెవి వెనక్కి...

"ఎఫీ..."

పదహారేళ్ళ గొంతు.

"ఇటు చూడవే..."

చూడలేదు. సిగ్గు విడిచి రాస్తున్నాను. రెండోసారి కూడా చూడలేదు. కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

ఎంతసేపు అలా నిలబడ్డానో తెలీదు. చివరికి తిరిగాను. నడవ ఖాళీ. గిలియన్ మాత్రం ఎదుటి గోడకి నుదురు ఆనించి, చేతులు ఒంటికి అదుముకుని నిలబడి ఉంది. ఆ ఆచారం సంగతి ఆమె కాగితాల్లో లేదు. నేనింకా ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

"ఇలా నిలబడమని నీకెవరు చెప్పారమ్మా?"

గిలియన్ గోడ మీంచి నుదురు తియ్యలేదు.

"వాళ్ళు... వెళ్ళిపోయారా?" అంది గోడతోనే, గుసగుసగా.

"వెళ్ళిపోయారమ్మా," అన్నాను. చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను.

లెటీ సంగతి ఆ రోజూ చెప్పలేదు. పుస్తకం అచ్చయింది. ఆ వాక్యం అలాగే ఉంది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. రాస్తున్నప్పుడు ఇదీ చెప్పాలి. వెళ్ళిపోయారని ఆ పిల్లతో అన్నది అబద్ధం. అడుగులు మా దాకా రావడం విన్నాను. మమ్మల్ని దాటి వెళ్ళడం వినలేదు.