మలుపులో ఒరగని కారు

“స్ప్రింగులు మాత్రం కొయ్యను సార్. కావాలంటే ఇంకో షాపు చూస్కోండ్రి.”

కారు కింద నుంచి వచ్చిందా మాట. తారక్ వంగి చూశాడు. ముందు గ్రీజు పూసుకున్న రెండు చేతులు, ఆ వెనక ముక్కు మీద నల్ల మరకతో ఒక అమ్మాయి ముఖం బయటికొచ్చాయి.

సస్పెన్షన్ పనంటే పంజగుట్టలో రాజనర్సయ్య షాపేనని అందరూ చెబితే, ఎవరో మీసాలాయన చేస్తాడనుకున్నాడతను. మీసాలాయన ఉన్నాడు. కుర్చీలో కూర్చుని పేపర్ చదువుకుంటున్నాడు. పని చేసేది ఆయన కూతురు శ్రీలేఖ.

“మలుపు తిరిగితే చాలు, నా కారు పడవలా ఒరిగిపోతోందండీ. స్ప్రింగులు కోసి కిందికి దించితే సరిపోతుందని వీడియోలో చూశాను.”

“వీడియోల ఉన్న రోడ్డు, పంజగుట్ట రోడ్డు ఒక్కటేనా సార్?”

తారక్‌కి చురుక్కుమంది. అమీర్‌పేటలో రోజూ వందమందికి జావా చెప్పే మాస్టారతను. ఇంకొకరి చేత చెప్పించుకోవడం అలవాటు లేదు. పైగా నెలాఖరు ఆదివారం ఊరి బయట మైదానంలో, కోన్ల మధ్య కార్లు మెలికలు తిప్పే పోటీకి పేరు కూడా ఇచ్చేశాడు.

“వేరే షాపువాళ్లు చేస్తామన్నారు లెండి.”

“పోండ్రి. మళ్ల వస్తరు.”

వెళ్లాడు. కోయించాడు. కారు నాలుగు వేళ్లు కిందికి దిగి, చూడ్డానికి భలే పొగరుగా కనిపించింది.

మర్నాడు వాళ్లమ్మ జానకీదేవిని ఎక్కించుకుని సోమాజిగూడ బయల్దేరాడు. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర కారు పొట్ట గీసుకుంది. రెండో దాని దగ్గర ఆవిడ తల పైకప్పుకి టంగుమని తగిలింది.

“ఆపరా బాబూ, ఆపు! కారెక్కానో, రోట్లో పడ్డానో తెలీట్లేదు. నేను మెట్రోలో పోతాను!”

సాయంత్రం వానలో తడుస్తూ రాజనర్సయ్య షాపు ముందు నిలబడ్డాడు తారక్. శ్రీలేఖ గబుక్కున గోడవైపు తిరిగింది.

“నవ్వండి, పర్లేదు.”

“నవ్వుతలేను సార్,” అంది. భుజాలు మాత్రం అదురుతున్నాయి. కాసేపటికి సర్దుకుని ఇటు తిరిగింది. “గుంతల పడ్డప్పుడు దెబ్బ తినేది స్ప్రింగు. అది మళ్ల ఎగురకుండ పట్టేది షాక్ అబ్జార్బర్. రెండిటికి జోడీ కుదరాలె. మీరేమో ఒకదాని కాళ్లు నరికి, ఇంకోదాన్ని గట్లనే ఇడిచిపెట్టిండ్రు.”

“తప్పయిపోయింది. తల పైకప్పుకి తగిలి మా అమ్మ మెట్రోలో పోతానంది. మీకెలా మంచిదనిపిస్తే అలా చేయండి.”

ఆ మాటకి ఆమె ముఖం మెత్తబడింది. “ఫికర్ చెయ్యకుండ్రి. అమ్మగారు నిద్రపోయేటట్టు చేస్త.”

కొత్త స్ప్రింగులు, వాటికి జతయిన షాక్ అబ్జార్బర్లు, మలుపులో కారు ఒరగకుండా ఆపే లావుపాటి కడ్డీ, అరిగిన రబ్బరు బుష్షులు. నాలుగు రోజుల పని. క్లాసులవగానే తారక్ రోజూ ఇరానీ చాయ్ పట్టుకుని వచ్చేసేవాడు. పదిహేడు నంబరు పానా అడిగితే పందొమ్మిది అందించేవాడు.

“జావా సార్‌కి అంకెలు సుత తెల్వదా?”

“మీరలా చూస్తూ అడిగితే ఏ అంకె గుర్తుంటుందండీ?”

శ్రీలేఖ చటుక్కున కారు కిందికి దూరిపోయింది. రాజనర్సయ్య పేపర్లో పేజీ తిప్పడం మానేసి చాలాసేపయింది.

ఐదో రోజు టెస్ట్ డ్రైవ్. సన్నగా తుంపర. శ్రీలేఖే స్టీరింగ్ పట్టుకుని బంజారా హిల్స్ మలుపుల వైపు తీసుకెళ్లింది. అలవాటు కొద్దీ తారక్ తలుపు పైనున్న పిడి గట్టిగా పట్టుకున్నాడు. మలుపొచ్చింది, పోయింది. కారు ఒరగలేదు. గుంతలో దిగినా మెత్తగా దిగి మెత్తగా లేచింది. అతను పిడి వదిలేసి ఆమె వైపే చూస్తూ కూర్చున్నాడు.

“ఎటు చూస్తున్నరు సార్? రోడ్డు ముందల ఉంది.”

“నడిపేది మీరు కదండీ. రోడ్డు చూసే పని మీది.”

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి కానీ గేర్ తప్పలేదు.

“ఇంత బాగా నడుపుతారు, పోటీకి ఎందుకు రారు?”

“సొంత బండి లేదు.”

“ఒకే కారుతో ఇద్దరు పోటీకి దిగొచ్చు. రండి.”

శ్రీలేఖ కారు పక్కకి ఆపింది. “ఆడపిల్ల ఏం రిపేర్ చేస్తదని ఇప్పటికీ సగం మంది వాపస్ పోతరు. నేను బిగించిన బండిల నేనే ఓడిపోతే, షాపు పేరు పోతది. నాయిన ఇరవై ఏండ్ల పేరు.”

“గెలిస్తే మీరు నడిపారని చెబుదాం. ఓడిపోతే నేను నడిపానని చెబుదాం.”

వాన చప్పుడు వినపడనంత గట్టిగా నవ్విందామె.

ఆదివారం పొద్దున తారక్ ముందు నడిపి, మూడు కోన్లు పడగొట్టాడు. తర్వాత శ్రీలేఖ బరిలోకి దిగింది. కారు పాములా మెలికలు తిరిగింది. ఒక్క కోన్ కదల్లేదు. నలభై మందిలో రెండో స్థానం.

“నా కోడ..., నా కారే అది!” అని అరిచి నాలిక కరుచుకుంది, ఇన్నాళ్లూ కొడుకు నోట శ్రీలేఖ పేరే విని పోటీ చూడ్డానికొచ్చిన జానకీదేవి. పక్కనే నిలబడ్డ రాజనర్సయ్య భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

హెల్మెట్ తీసి, చెమటతో, నవ్వుతో వస్తున్న శ్రీలేఖకి ఎదురెళ్లాడు తారక్. రాత్రంతా అనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

“నాకు షాపుతో పని అయిపోయింది శ్రీలేఖా. అయినా రేపు రావాలనుంది. ఎల్లుండి కూడా. ఏ సాకు చెప్పి రావాలో తెలీట్లేదు.”

ఆమె అతని కళ్లలోకి సూటిగా చూసింది.

“సాకెందుకు? నేను రమ్మంటున్న. రా.”

ఆ వెనకే జానకీదేవి గొంతు వినిపించింది. “అన్నయ్యగారూ, వచ్చే ఆదివారం మీరూ అమ్మాయీ మా ఇంటికి భోజనానికి రావాలి. కాదనకూడదు.”

“వస్తమమ్మా,” అన్నాడు రాజనర్సయ్య. “పిల్లలిద్దరు ముందే మాట్లాడుకున్నట్టున్నరు. ఇగ మనదే ఆలస్యం.”