రామాపురం రికార్డింగ్

మా చెల్లెలు అనుపమకీ నాకూ ఉన్న తగువల్లా 'అలికిడి' గురించే. రేపల్లె వైపు కుర్రాళ్ళు ఐదుగురు కలిసి పెట్టుకున్న బ్యాండు అది. వయొలిన్, రెండు గిటార్లు, డోలు, డ్రమ్ములు. పాట మొదలుపెట్టాక ఎటు వెళ్తుందో వాళ్ళకే తెలియదు. ఇవాళ ఎనిమిది నిమిషాలు వాయించిన పాటే రేపు ముప్పావుగంట సాగుతుంది. అందుకే మాలాంటి పిచ్చివాళ్ళం ప్రతి ప్రోగ్రాం రికార్డు చేసుకుని, ఏది గొప్పదో వాదించుకునేవాళ్ళం.

ఆదివారం పొద్దున తెనాలిలో బ్రహ్మానందంగారి మైక్‌సెట్ షాపు పైగదిలో కలిసేవాళ్ళం. ఆ బ్యాండుకి మైకులు పెట్టింది ఆయనే. నాకు చెరుకుపల్లి ప్రోగ్రాం ఇష్టం. అందులో అన్నీ ఆగిపోయి డోలు ఒక్కటే మిగిలే చోటు ఒకటుంది. బాపట్లదాన్ని మించింది లేదనేది అనుపమ. వయొలిన్ తీగ ఒకటి తెగిపోతే ఆ వాయించే కుర్రాడు మిగిలిన మూడింటితోనే అరగంట లాగాడని.

ఆ ఆదివారం బ్రహ్మానందంగారు పాత మెమరీ కార్డు ఒకటి తీశారు. రామాపురం బీచ్‌లో వాయించినదట. ఇంతవరకు ఎవరూ వినలేదన్నారు. నేను ముందంటే నేను ముందని కాసేపు పోట్లాడుకున్నాం. చివరికి హెడ్‌ఫోన్స్ అనుపమే లాక్కుంది.

బయట ఎండ కాస్తోంది. కింద హోటల్లోంచి పెసరట్టు వాసన. చెల్లెలి కాలు నేల మీద తాళం వేస్తోంది. పావుగంట దాటాక ఆ కాలు ఆగింది.

"అన్నయ్యా," అంది మెల్లగా. "జనంలోంచి ఎవరో నన్ను పేరుపెట్టి పిలుస్తున్నారు."

ఆ పేరుగలవాళ్ళు ఇంకెవరో ఉంటారులెమ్మా అన్నారు బ్రహ్మానందంగారు. ఆమె తల అడ్డంగా ఊపింది. తీసెయ్యమన్నాను. చెయ్యి చాపాను కూడా. ఈలోపే...

"ఆఁ," అని పలికింది.

అంతే. నోరు తెరిచే ఉంది. మాట లేదు. నేను హెడ్‌ఫోన్స్ లాగి పారేశాను. మాట రాలేదు. గుంటూరులో ముగ్గురు డాక్టర్లకు చూపించాం. గొంతులో ఏ లోపమూ లేదన్నారు.

వారం తర్వాత ధైర్యం చేసి ఆ రికార్డింగ్ విన్నాను. అలల హోరు. గిటార్లు. పదహారో నిమిషంలో, మైకు పక్కనే నిలబడి అన్నట్టు...

"అన్నయ్యా."

మా చెల్లెలి గొంతు.

చెరిపేద్దామన్నారు బ్రహ్మానందంగారు. నొక్కబోయిన నా వేలు ఆగిపోయింది. చెరిపితే ఆ గొంతు తిరిగొస్తుందా, ఉన్నది కూడా పోతుందా? ఆ పిలుపుకి పలుకుదామని నోటిదాకా వచ్చింది. పలికితే నా మాటా పోతుందని పెదవి కొరుక్కున్నాను.

అనుపమ ఎంత విన్నా ఆమెకు అది వినపడదు. అందుకే ప్రతి ఆదివారం నేను విన్నాక కాగితం మీద రాసి చూపిస్తుంది: 'ఈసారి ఎక్కడి నుంచి?' దగ్గర్నుంచేనమ్మా అంటాను. అది అబద్ధం. ఒక వారం జనం మధ్య నుంచి. ఇంకో వారం జనం వెనక నుంచి. ఆ తర్వాత అలల వైపు నుంచి, ఏడుస్తూ. పోయిన నెల అసలు వినపడలేదు.

నిన్న మళ్ళీ వినపడింది. చాలా దగ్గరగా. ఏడుపు లేదు. చంటిపిల్లను బుజ్జగిస్తున్నట్టుంది. పిలుస్తున్నది నన్ను కాదు.

"శివపార్వతీ..."

ఆ పేరుగలవాళ్ళు మాకెవరూ తెలియదు. గంట తర్వాత ఫ్యాన్స్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. పిట్టలవానిపాలెం నుంచి కొత్తగా చేరిన అమ్మాయి. పేరు శివపార్వతి. 'రామాపురం రికార్డింగ్ దొరికిందండి! ఇప్పుడే హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటున్నా' అని రాసింది.

ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది. మళ్ళీ చేశాను. ఎవరు పిలిచినా పలకొద్దమ్మా అని మెసేజ్ పెట్టాను. ఇంతవరకు చూడలేదు.

ఆ కార్డుని మేం ఎవరికీ ఇవ్వలేదు. కాపీ తియ్యలేదు. ఇదిగో... నా చొక్కా జేబులోనే ఉంది.