తరుగులో గొంతు

ఆదివారం మధ్యాహ్నం. బయట ఎండ మండిపోతున్నా ఆ గదిలో చీకటే. కిటికీ లేదు. గోడల నిండా మెత్తటి పలకలు. తలుపు మూస్తే వీధి ఉన్నట్టే తెలియదు. సినిమాలకు సౌండ్ మిక్సింగ్ చేసే ఆయన జీవితమంతా అందులోనే గడిచింది. ముందు మూడు స్పీకర్లు, వీపు వెనక రెండు, ఉరుముల్లాంటి మోతలకు మూల ఒకటి.

"చుట్టూ ఇన్ని పెట్టుకున్నారు, వెనక నిలబడ్డ పెళ్ళాం మాట మాత్రం చెవిన పడదు" అని భార్య దెప్పేది. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఇప్పుడు దెప్పే దిక్కు కూడా లేదు. ఆవిడ బోర్లించిన గ్లాసు వంటింట్లో అలాగే ఉంది.

ఆ రోజు పని చిన్నదే. పోయిన నెల మేడమీద తానే రికార్డు చేసిన వాన. ఆరు స్పీకర్లకూ విడివిడిగా శబ్దం ఉన్న ఆ పెద్ద ఫైలును నొక్కి చిన్నది చేసి పంపమని కొత్తగా వచ్చిన మేనేజరు చెప్పాడు. అలా నొక్కేటప్పుడు, పెద్ద చప్పుడు కింద పడి చెవికి అందనివాటిని యంత్రం ఏరి పారేస్తుంది. ఫోన్లో మన మాట వెళ్ళేదీ అంతే, యంత్రం ఉంచినంత మేరకే. అసలు ఫైలులోంచి నొక్కినదాన్ని తీసేస్తే, పారేసిందంతా విడిగా వినవచ్చు. దాన్ని ఆయన తరుగు అనేవాడు. ఏం పోయిందో వినకుండా ఏ పనినీ గడప దాటనిచ్చేవాడు కాదు. ఇంట్లో మనిషి మీద ఆ శ్రద్ధ పెట్టలేదు.

తరుగు పెట్టాడు. ఇసుక జారుతున్నట్టు సన్నటి రొద. దాని వెనక, ఎడమవైపు స్పీకర్లో, ఎవరో ఊపిరి పీల్చారు.

"ఏమండీ..."

ఆయన తల తిప్పలేదు. తిప్పితే పోతుందేమోనని.

మళ్ళీ పెట్టాడు. ఆ ఒక్క మాటే. ఫైలును ఇంకా గట్టిగా నొక్కాడు. వాన పాడైపోయి, రేకు డబ్బాలో గులకరాళ్ళలా మోగింది. తరుగు మాత్రం చిక్కబడింది. గాజులు కదిలాయి. గదిలో తలనూనె వాసన. ఎంత ఎక్కువ పారేస్తే ఆవిడ అంత దగ్గరికి వస్తోంది.

"ఇంకా ఎంతసేపు?"

ఏళ్ళ తరబడి ఆవిడ అడిగిన మాటే. ఏనాడూ ఆయన జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలనిపించింది. మైకు పెట్టుకుని, ఖాళీ గదిలో, బతికుండగా చెప్పనివన్నీ చెప్పాడు. ఒక్కడే ఉండటం ఎలా ఉందో కూడా చెప్పాడు. తర్వాత ఆ రికార్డును ఇక చిన్నది కానంత చిన్నదిగా నొక్కాడు.

ముందుగా యంత్రం ఉంచినదాన్ని విన్నాడు. ఫ్యాను తిరుగుతోంది. కుర్చీ కిర్రుమంది.

ఆయన గొంతు లేదు.

మళ్ళీ విన్నాడు... లేదు.

తరుగు పెట్టాడు. వెనక నుంచి తన గొంతు. పూర్తిగా, స్పష్టంగా. దాని పక్కనే ఆవిడ ఊకొడుతోంది.

"వచ్చేశారుగా" అంది మెల్లగా.

స్పీకర్లన్నీ కట్టేశాడు. గది చెవులు మూసుకున్నట్టయింది. అంతలో ఫోన్ మోగింది. మేనేజరు. మనిషి గొంతు విన్నందుకే ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"చెప్పండి సార్."

"హలో... హలో?"

"నేనే సార్. వినబడుతోందా?"

"హలో..."

ఆయన గొంతు చించుకున్నాడు. అవతల మేనేజరు గొంతు మర్యాదగా మారింది.

"ఆఁ... చెప్పండమ్మా. ఆయన కోసమే చేశాను."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. మేనేజరు మాత్రం చాలాసేపు ఊకొడుతూ విన్నాడు.

"అయ్యో... ఇక ఆయన రారా అమ్మా?"