క్యాబినెట్ మీద గుడ్డ

అతని భార్యను చంపింది షార్ట్ సర్క్యూట్ కాదు, గుడ్డ. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో దుమ్ము పడకూడదని యంత్రాల క్యాబినెట్ మీద ఎవరో గుడ్డ పరిచారు. గాలి పోయే కంతలు మూసుకుపోయాయి. లోపల వేడి ముదిరి మంట లేచింది. హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్న ఆమె ఇక లేవలేదు. విచారణకు వచ్చిన ఆఫీసరు షార్ట్ సర్క్యూట్ అని రాసి సంతకం పెట్టాడు. ఆ ఆఫీసరే ఇప్పుడు గూఢచారి శాఖకు చీఫ్.

ఆ చీఫే అతనికి మిషన్ అప్పగిస్తున్నాడు.

"విమానాల కంట్రోల్ రూమ్. పదకొండింటికి నాశనం చేస్తామని విదేశీ ముఠా పంపిన సందేశం మనకు చిక్కింది. లోపల మన డబుల్ ఏజెంట్ ఉంది. పేరు చిలక. ఫ్యాన్ల కంపెనీ ఇంజినీరు వేషం. 'గాలి ఎటు?' అని అడుగు. 'తలుపు వైపు' అంటుంది. నువ్వు ఊడ్చేవాడివి."

"దానికి వేషం దేనికి సార్, ఈ మొహం చాలు."

చీఫ్ నవ్వలేదు. ఒక పెన్ను ఇచ్చాడు. బాంబు దగ్గరుంటే పెన్ను మూత ఎర్రగా వెలుగుతుంది.

పదీ నలభై ఎనిమిదికి అతను చీపురుతో కంట్రోల్ రూమ్‌లో ఉన్నాడు. తెరల మీద మూడు విమానాలు మూడు చుక్కలై కదులుతున్నాయి. చిలక దగ్గరికొచ్చింది. ఎర్రటి లిప్‌స్టిక్, ఖరీదైన సెంటు.

"గాలి ఎటు?"

"తలుపు వైపు. బాంబు కింద జనరేటర్ గదిలో ఉంది. పరుగెత్తు."

అతను జేబులో పెన్ను చూశాడు. మూత వెలగలేదు, అంటే ఈ గదిలో బాంబు లేదు. ఆమె మాట నిజమే కాబోలనుకుని తలుపు వైపు నడిచాడు.

"ఏం బాబాయ్, కొత్తా?" అన్నాడు తెర ముందున్న కంట్రోలర్. "ఆ పెద్ద క్యాబినెట్ జోలికి మాత్రం వెళ్ళకు. ఫ్యాన్ల మేడమ్ పొద్దున్నే తుడిచి, గుడ్డ కూడా కప్పింది. చంటిపిల్లకైనా అంత శ్రద్ధగా కప్పరు."

అతని కాళ్ళు ఆగిపోయాయి.

క్యాబినెట్ మీద మందపాటి నీలం గుడ్డ. లోపలి వేడి చూపే మీటరు ఇరవై ఎనిమిది డిగ్రీలు చూపిస్తోంది. మీటరు తీగ చివర మాత్రం క్యాబినెట్ లోపల లేదు, ఏసీ గాలికి ఊగుతోంది. మూడు తెరలకూ ప్రాణం ఆ ఒక్క పెట్టెలోనే ఉంది. అతను పక్క రేకుకి చేతి వెనక భాగం ఆనించాడు. కాలిన పెనం.

బాంబు అక్కర్లేదు. ఇంకాసేపటికి పెట్టె దానంతట అదే మండుతుంది. మళ్ళీ ఎవడో షార్ట్ సర్క్యూట్ అని రాస్తాడు.

గుడ్డ మీద చెయ్యి వేశాడు. నడుముకి లిప్‌స్టిక్ గొట్టం ఆనింది. దాని కొసన తుపాకీ రంధ్రం ఉంది.

"వదిలెయ్. ఇంకో రెండు నిమిషాలే," అంది చిలక మెల్లగా.

"నువ్వు ఎవరి మనిషివి?"

"గాలి ఎటుంటే అటు."

"అయితే ఇటు రా." ఆమె మణికట్టు పట్టుకుని కాలే రేకుకి అదిమాడు. కేక లేచింది, గొట్టం కింద పడింది, అతను దాన్ని దూరంగా తన్నాడు. గుడ్డ లాగి పారేశాడు. క్యాబినెట్ తలుపులు రెండూ తెరిచాడు. సెగ మొహానికి కొట్టింది. లోపల ఫ్యాన్ల ప్లగ్గులు పీకి ఉన్నాయి. కమురు వాసన మొదలైంది. తెరలు ఒక్కసారిగా ఆరిపోయాయి. కంట్రోలర్ మైకు పట్టుకుని బిగుసుకుపోయాడు.

ఒక ప్లగ్గు పెట్టాడు. రెండోది. ఫ్యాన్లు గురగురలాడి అందుకున్నాయి. చుక్కలు మూడూ తెర మీదికి తిరిగి వచ్చాయి.

"దిగొచ్చు," అన్నాడు కంట్రోలర్ మైకులో. పదీ యాభై తొమ్మిది.

సాయంత్రం చీఫ్ చిలక అరెస్టు ఫైలు మూసి అతని వైపు తిరిగాడు.

"ఆ ఎక్స్ఛేంజి రిపోర్టు... నేను అలా రాయాల్సింది కాదు."

అతను నీలం గుడ్డను మడత పెట్టి టేబుల్ మీద ఉంచాడు.

"చెమట తుడుచుకోండి సార్. ఆ సంగతి మాత్రం మీరు ఇక ఎత్తకండి. నేనూ ఎత్తను."

చీపురు పట్టుకుని వెళ్ళిపోయాడు.