ఆదివారం పలకని దీవి

"మీ ఊరి కంప్యూటర్‌ని ఎన్నిసార్లు పిలిచినా పలకలేదండీ," అన్నాడు ఇన్నెస్.

గ్లాస్గో నుంచి ఓడెక్కి వచ్చిన కుర్ర ఇంజనీరు. తడిసిన బూట్లతో మా దీవి హాల్లో నిలబడ్డాడు. దేశంలోని ఆసుపత్రులన్నిటినీ కలిపి రిపోర్టులు అప్పటికప్పుడు చేరవేసే నెట్‌వర్క్‌లో మాకు చోటు లేదని చెప్పడానికి వచ్చాడు.

మా క్లినిక్ నర్సు మర్డీనా లేచింది. "ఏ రోజు పిలిచారు, ఇంజనీరు గారూ?"

"ఆదివారం. ఆసుపత్రుల్లో రద్దీ ఉండదని టెస్టింగ్ ఆ రోజే పెడతాం."

హాలంతా నవ్వింది.

"ఆదివారం దేవుడి రోజు, మాకు పనీ ఆటా ఉండవు. పిల్లల ఉయ్యాలలు కూడా ఊగకుండా కట్టేస్తాం," అంది మర్డీనా. "శనివారం పొద్దుగూకగానే కంప్యూటర్ ప్లగ్గు పీకేది నేనే."

ఇన్నెస్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆమె మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు.

హాలు ఫోన్‌లోనే తన ఆఫీసుతో పోట్లాడాడు. "మీకు తీరికైన రోజు పరీక్ష పెట్టి వాళ్లు తప్పారంటే న్యాయమా?" ఇంకొక్క అవకాశం ఇచ్చారు. అదీ ఆదివారమే.

"ఈ ఒక్కసారి యంత్రం ఆపొద్దు," అంది మర్డీనా. "ఆదివారం ఆవుల పాలు పితకట్లేదా?"

చర్చి పెద్ద నోర్మన్, ఆమె తండ్రి, అన్నాడు. "పితక్కపోతే ఆవుకి నొప్పి. యంత్రానికేం నొప్పి?"

"నొప్పి అమ్మకి, నాన్నా."

పోయిన చలికాలం మర్డీనా తల్లి రక్తపరీక్ష రిపోర్టు తుఫానుకి ఆగిన ఓడలో ఉండిపోయింది. అది వచ్చేసరికి ఆవిడ లేదు.

శనివారం దాకా ఇన్నెస్ క్లినిక్‌లో తీగలు సర్దాడు, మర్డీనా టీ ఇచ్చింది.

"టీలో పంచదార మర్చిపోయారు."

"మీరు మమ్మల్ని మర్చిపోలేదూ?"

పొద్దుగూకే వేళ నోర్మన్ వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, అంతే. భార్య పోయాక ఆయనకి మిగిలింది ఆదివారం ఒక్కటే.

మర్డీనా వంగి ప్లగ్గు పీకేసింది.

ఇన్నెస్ ఆపలేదు.

సోమవారం పొద్దున ఫోనొచ్చింది. మా పేరు కొట్టేశారు. మళ్లీ ఎప్పుడంటే, తెలియదన్నారు.

రేవులో సన్నటి వాన.

"నాతో గ్లాస్గో వచ్చెయ్, మర్డీనా. నిన్ననే అడుగుదామనుకున్నా."

"నిన్న అడిగుంటే పలికేదాన్ని కాదు." నవ్వబోయింది, కుదర్లేదు. "నేనొస్తే ఈ సంచి ఎవరు తెస్తారు?"

రక్తం సీసాల తోలుసంచి. వారం వారం ఓడ మీద గ్లాస్గో ల్యాబ్‌కి పోవాల్సిందే. అందులో నోర్మన్ సీసా కూడా ఉందని ఇన్నెస్ చీటీ మీద చదివాడు. తలెత్తి ఆమె మొహం చూశాడు.

"రక్తం ఎందుకు తీశానో నాన్నకి చెప్పలేదు," అంది.

ఓడ కూత వేసింది. మర్డీనా సంచిని అతని చేతుల్లో పెట్టింది.

"ల్యాబ్‌లో నువ్వే ఇవ్వు. జవాబు ఓడవాళ్లకి ఇవ్వకు. నువ్వే తీసుకురా."

"తుఫానొస్తే?"

"నేనిక్కడే నించుంటా."

అతను సంచిని కోటు లోపల పెట్టుకుని ఓడెక్కాడు.